నీళ్లు తగ్గించే పని

నాకిచ్చిన మొదటి పని నరుకుడు.
దైద్ దాటినంక, తారురోడ్డు ఇసుకల కలిసే కాడ
నాలుగు నెలలు సర్కారు తుమ్మను వేర్లతో పీకినం.
కోరుట్లల దీన్నే కాల్చి, బొగ్గు జేసి అమ్మి
మా నాయిన నా బడి ఫీజు కట్టిండు.
ఇక్కడ గూడ అది పిలవని చుట్టమే,
ఊటంత తానే తాగి పక్కన గడ్డిపోచను బతకనియ్యదు.
ముండ్లు అవే.
నా చేతులు గుర్తుపట్టినయి.

తర్వాత మొక్కలొచ్చినయి, నల్ల సంచులల్ల, నాలుగు వేలు.
"ఘాఫ్" అన్నది షమ్సా మేడం.
ఆకు తుంపి, నలిపి, వాసన చూసిన.
ఘాఫ్ గాదు మేడం, జమ్మి.
ఆమె ఆ మాటను నోట్లె ఒకసారి తిప్పి చూసుకొని
నవ్వి, మళ్ల ఘాఫ్ అనే రాసుకున్నది.
సిద్ర్ అంటె రేగు. సమర్ అంటె తుమ్మ,
మన నల్లతుమ్మకు మరదలి వరస.
అరాక్‌కు మాత్రం నా దగ్గర పేరు లేదు.
డ్రైవర్ గుల్ జమాన్ దాని పుల్లతోటి
పొద్దుగాల పండ్లు తోముకుంటడు, అంతే తెలుసు.

రెండో ఏడు మేమే గింజలు పెడితె ఒక్కటి లేవలె.
ఉబైద్ అనే ముసలాయన మేకల దొడ్డినుంచి
గోనెసంచి నిండ పెంటికలు తెచ్చి మా ముందు కుమ్మరించిండు.
మేక కడుపుల నానిన గింజ గట్టిదట.
మొఫిజుల్ ముక్కు మూసుకున్నడు.
నేను మూసుకోలె.
పదహారో రోజు, ఇసుక మీద
ఆకుపచ్చటి కామాలు.

మొదట మొక్కకు రోజూ నాలుగు లీటర్లు.
తర్వాత రెండొద్దులకోపాలి. తర్వాత వారానికి.
ఈ పని నాకు చాతగాలె.
నల్లా ఇప్పుడు తెలుసు గని
ఆకు వాలుతుంటె చూసుకుంట
నల్లా కట్టేసుడు ఎవలు నేర్పిండ్రు నాకు?
"పైన తాగుడు మరిగితే కిందికి పోదు," అన్నది మేడం,
"దప్పికనే దానికి దారి."
ఒక రాత్రి ఎవ్వలు లేంది చూసి
పదకొండో వరుసకు బకెట్లతో పోసిన.
వారం కాదు, నెల పోసిన.
లూ గాలి లేచిన ఏడు ముందుగాల ఎండింది ఆ వరుసే.

తవ్వి చూస్తె జానెడు వేరు,
పైకి మళ్లి, చెయ్యి చాపినట్టు.
పక్క వరుసల మోకాలెత్తు మొక్క.
దాని పొంటి నా నిలువెత్తు గుంత తీసినా
వేరు కొస దొరకలె.
ఏం మాట్లాడకుంట పూడ్చినం.
పుస్తకంల "చచ్చినవి" గడి ముందు
కారణం రాయమంటె
"ఎండ" అని రాసిన.

వచ్చే నెల గేటుకు తాళం.
ఒంటెలు రావద్దు, బండ్లు రావద్దు,
పెట్టినోళ్లు గూడ రావద్దు. అది జీవాలది.
మంచిదే. తాళంచెవి బరువు తగ్గుతది నడుముకు.

మొన్న మంగళవారం మొఫిజుల్ ఉరికొచ్చిండు,
నీలిరెక్కల పిట్టట, మూడో వరుసల.
నేను పైపుల షెడ్డుల ఉన్న, పొయ్యేసరికి లేదు.
కొమ్మ ఇంక ఊగుతున్నది.
దసరా గాదు, ఏం గాదు.
అయినా బూట్లిడిచి నిలబడ్డ.
కింద తెల్లగ రెట్ట,
దాని పక్కపొంటి నక్క అడుగులు,
నిన్నటి నా బూటు అచ్చును
తొక్కుకుంట పోయినయి లోపలికి.