డెబ్బై అయిదు సెంటీమీటర్లు

రాణీగంజ్‌ల నా దుకాణం ముందట
ఆటో దిగకముందే కాగితం చాపింది.
పెన్సిల్‌తో గీసిన కుర్చీ బొమ్మ,
పక్కన చీమలసొంటి అంకెలు.
"ఎత్తు డెబ్బై అయిదు సెంటీమీటర్లు, మెత్తతో కలిపి.
ఒక్క నూలు పెరిగినా
నా గుండును లెక్కల రాయరన్నా."

నేను గేట్లు చేసేటోణ్ణి.
బాల్కనీ గ్రిల్లులు, షట్టర్లు, నీళ్ళ ట్యాంకు స్టాండ్లు.
గేటు అరంగుళం అటూ ఇటైతే
గోడే సర్దుకుంటది.
ఈ షహర్ సగం గట్లనే నిలబడ్డది.
ఇన్నేండ్లల్ల మొదటిసారి
ఇనుము ముందట నా చెయ్యి వణికింది.

"కింద నాలుగు కొండీలు, పట్టీలేసి భూమికి కట్టాలె.
ఎడమ చేతికి ఒక రాడ్డు, ఊగొద్దు.
అది ఊగితే దూరం పోతది."
పేరు గంగామణి. మౌలాలి.
కరెంటాఫీసుల బిల్లుల పని.
కాళ్ళ సంగతి నేనడగలే, ఆమె చెప్పలే.
మా మాటంతా రాడ్డు మందం గురించే.

మూడుసార్లు కోసి మళ్ళ అతికిన.
మూడోసారి టేపు తనే పట్టింది,
వంగి, ఒక కన్ను మూసి,
"డెబ్బై నాలుగు పాయింట్ తొమ్మిది" అన్నది.
ఆ మిగిలిన మిల్లీమీటరు
మా ఇద్దరి భయం.

పొద్దుగాల ఐదింటికి రైల్వే మైదానంల
పట్టీలు బిగించేది నా పనైంది, ఎట్లనో మరి.
గుండును మెడకానిస్తది.
అక్కడ రూపాయి బిళ్ళంత నల్లటి కాయ.
ఊపిరి ఆగుతది.
నడుము కింద సప్పుడు లేదు,
అయినా భూమిల నుంచే ఏదో మెలి తిరిగి
భుజం దాకా లేస్తది.
ధబ్.
ఆరు మీటర్ల పద్నాలుగు.
ఆ గుంటలల్ల వాననీళ్ళు నిలిస్తే
పిట్టలొచ్చి తాగేవి.

పోయే ముందు రాత్రి ఇంకో ముగ్గురొచ్చిన్రు.
ఉప్పుగూడ ఇలియాస్, ఈతగాడు, భుజాల కాడికే చేతులు,
పండ్లతో లాగేటందుకు బ్యాగు జిప్పుకు రింగు కావాలన్నడు.
నాచారం సుగుణ, తనతో ఉరికే పిల్ల,
ఇద్దరి నడుమ జానెడు తాడు.
సుగుణ కొంచెంసేపు చెవొగ్గి విని
"నీ మిషన్ల ఫ్యాను బేరింగు పోయింది" అన్నది.
విప్పి చూస్తే, పోయింది.

ఆట ఫోన్ల చూసిన. అర్ధరాత్రి.
ఆఖరి గుండు గాలిల ఉండంగనే
బొమ్మ ఆగిపోయింది.
దేశమంతా ఊపిరి బిగబట్టింది అందామనుకున్న,
దేశం నిద్రపోతున్నది.
నేను, నా దుకాణం పోరడు నర్సిమ్ములు,
సల్లారిన రెండు చాయ్‌లు.
మళ్ళ కదిలేసరికి
నేను అతికిన రాడ్డును అరచేత్తో కొడుతున్నదామె.
వెండి.

పేపర్ల రాసిన్రు: వైకల్యాన్ని జయించింది.
గంగామణి చదివి, మడిచి, మెత్త కింద పెట్టింది.
"దానితోని నాకు పోటీ ఎప్పుడున్నదన్నా?
నేను గెలిచింది ఎనిమిది మంది మీద.
ఓడింది ఒక్క పిల్ల చేతిల, పదకొండు సెంటీమీటర్లు.
అది రాయలే."

సన్మానానికి నేనూ పోయిన.
శాలువాలు, బొకేలు, మైకుల ఆమె ఇంటిపేరు తప్పు.
స్టేజీకి మెట్లే.
నలుగురు చక్రాల కుర్చీని లేపుతుంటే
మెడ తిప్పి నన్ను వెతికి
కంటితోనే చూపించింది.
టేపు అక్కర్లే, నా కన్ను ఇప్పుడు పాడైంది గద.
స్టేజీ ఎత్తు
డెబ్బై అయిదు.

మర్నాడు ఆటో మళ్ళ ఆగింది.
రాడ్డు కాడ అతుకు చిట్లింది.
"ఇంకింత గట్టిగ కావాలె, నాలుగేండ్లకు."
పోతూ పోతూ నర్సిమ్ములుతో
సుద్దముక్కతో గల్లీల ఒక గీత గీయించింది,
గడప నుంచి ఆరు మీటర్ల తొంభై.

ఆటోలు, తోపుడు బండ్లు దాని మీదికెంచే పోతయి.
పొద్దుమీకేసరికి చెరిగిపోతది.
తెల్లారి షట్టరు లేపంగనే
పోరడు టేపు పట్టి ముందు అది గీస్తడు,
తర్వాతనే చాయ్.