కొలత

ఫాదర్ రొక్కో గారి పెట్టెకి
గుణుపురంలో పనసచెక్క కోస్తున్నాను.
ఆరడుగుల మీద నాలుగంగుళాలు.
మా ఇళ్ళల్లో అంత పొడుగు మనిషి లేడు,
ఉన్నా కట్టెల మీద పడుకుంటాడు, కొలతతో పని లేదు.

ఓ వానాకాలం, కరెంటు పోయిన రాత్రి
కుర్చీ కాలు బిగిస్తుంటే చెప్పాడు,
ఒరియా కలిసిన తెలుగులో, దగ్గు కలిసిన ఒరియాలో:

"మా మూలపురుషుడు అన్కెతిల్. జాతికి నార్మను.
యాత్రకొచ్చాడని మా అమ్మ అనేది.
వచ్చింది కూలికి కత్తి పట్టడానికి.
కూలి ఎగ్గొట్టిన దొర కొండని
కూలి కింద జమ కట్టుకున్నాడు.
కొండ మీద కోట. కోట కింద, చేసిన పాపానికి, గుడి.
మూడో తరానికి భాష పోయింది.
ఆరో తరం వాడికి గుర్రమంటే భయం.
మిగతాది భూకంపం పట్టుకెళ్ళింది.
నా వంతుకొచ్చింది
లేడిబొమ్మ ఉంగరం ఒక్కటి."

నేను నవ్వాను.
"మేం దళాయి వాళ్ళం బాబూ, దళాన్ని నడిపినవాళ్ళమట.
ఇప్పుడు నేను నడిపేది చిత్రిక.
ఏ రాజు దళమో, ఎవరి మీదకో, మా తాతకే తెలీదు.
మా కొండ మీదకే అంటాడు సవర సొంబారు.
సంతలో నాగలి కొన్నప్పుడల్లా అంటాడు,
బేరమాడే ముందు."

ఆయన నవ్వలేదు.
"నీకు చెప్పేవాడున్నాడు" అన్నాడు.
"ఆ కొండ అంతకుముందు ఎవరిదో
మాకు చెప్పేవాడు మిగల్లేదు."

తర్వాత ఏటి పేరుకి అర్థమడిగాడు.
వంశధార. చెప్పాను.
చాలాసేపు చీకట్లో కిటికీ వైపు చూసి
"వేసవిలో ఎండుతుందా?"
"చెలమ తీస్తే ఊరుద్ది."

నిన్న సిస్టరమ్మ కాగితమిచ్చింది, శిలువ మీద చెక్కమని.
బారెడు పేరు. చివర కొండ పేరు కూడా.
రొక్కో చాలని ఆయన నాతో ఎప్పుడో అన్నాడు.
చెక్కలో పట్టదమ్మా అని అబద్ధమాడాను.

ఉంగరమా?
ఆసుపత్రికి జనరేటరు కొన్న ఏడు నుంచీ
ఆ వేలికి తెల్లటి మచ్చే ఉంది.

మూత మేకులు నాలుగు చాలు.
రేపు సంత. సొంబారు వస్తాడు.
ఈసారి బేరానికి ముందు
నేనే అడుగుతాను,
ఏ కొండ, అని.