డయోక్లెటియన్, బర్కా తోటలో

శుక్రవారం రాత్రి. కంటైనర్ గదిల ఏసీ
ముసలి ఎద్దు లెక్క రొప్పుతున్నది.
నూనె మరకల అట్టపెట్టె మీద
లింబాద్రి గళ్ల కాగితం పరిచిండు.
ఇరవై ముఖాల పాచిక రోడెల్‌ది,
మనీలా నుంచి సాక్సుల చుట్టి తెచ్చుకున్నది.

"నీకు చక్రవర్తిని ఇస్తున్న. రోమ్‌ది.
పేరుకు నోరు తిరగది, డయోక్లెటియన్."
యోధుడా, మాంత్రికుడా, దొంగనా?
ఏ గడిల రాయాలె?

తండ్రి బానిస అంటరట కొందరు.
సిపాయిగ చేరి కిరీటం దాక ఎక్కిండు.
ఒక్కనితోని కాదని రాజ్యాన్ని నాలుగు పాళ్లు చేసిండు,
మా ఫోర్‌మన్ షిఫ్టులు పంచినట్టు.
గోధుమకింత, గుడ్డుకింత, చెప్పుల జతకింత అని
రాళ్ల మీద ధరలు చెక్కించిండు.
"ఈ శక్తి వాడితే ప్రతిసారి ఓడిపోతవ్,"
లింబాద్రి ముందే చెప్పిండు. నవ్వినం.

రోడెల్ నవ్వలే.
"మా వాళ్ల గ్రంథాలు కాలపెట్టిండు వీడు,
మనుషుల్ని గూడ," అన్నడు వచ్చీరాని హిందీల.
పెన్సిల్ గుంజుకొని నా కాగితం అడుగున రాసిండు:
శాపం. రాత్రి నిద్ర పట్టది.
ఎవ్వరం చెరపలే.

బలం తొమ్మిది. తెలివి పద్నాలుగు.
అందానికి నాలుగే పడ్డది,
రుబ్బురోలు మొకమని గది గదంత ఇకిలించింది.
ఇగ ఆఖరి గడి, ప్రత్యేక శక్తి.
మంటలు కురిపిచ్చుడా? మాయమవుడా?
లింబాద్రి ఫోన్ల ఏదో చదివి, జరసేపు ఆగి,
ఒక్క మాట రాసిండు:
రాజీనామా.

ఇరవై ఏండ్లు ఏలినంక
ఊదారంగు శాలువ తనంతట తనే విప్పి పక్కన పెట్టిండట.
ఎన్‌వోసీ ఎవన్నీ అడగలే.
పాస్‌పోర్టు ఏ బీరువాల లేదు.
సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకొని
పత్తగోబి పెంచిండట.

"పత్తగోబా?" అన్న నేను.
ఎవ్వరూ పలకలే.

తర్వాత ఆట. ఉత్తరం దిక్కుకెళ్లి డ్రాగన్ దిగింది.
నగరాలు అంటుకున్నయ్. రాయబారులు నా దడి కాడికొచ్చి
"ప్రభూ, మళ్ల రా" అన్నరు.
పాచిక చేతిల పెట్టిండ్రు. వెయ్యలే.
"ముందుగాల లోపలికొచ్చి నా మడులు చూడుండ్రి," అన్న.
రాజధాని బూడిదయింది.
నాకు సున్న పాయింట్లు.

తెల్లారి అజాన్‌కు లేసి
తల మీద లైటు, చేతిల కొడవలి,
మంచుకు తడిసిన నాలుగు వందల గోబిగడ్డలు,
మూసిన పిడికిళ్ల లెక్క.
ఐదున్నరకు మార్కెట్ బండి.
అర్బాబ్ డబ్బాలు లెక్కపెడుతున్నడు.

మూల మడిల, పైపు కారే కాడ,
ఒకదాన్ని కొయ్యలే.
మీద ఎండుటాకు కప్పిన.
రోడెల్ చూసిండు, చూడనట్టే డబ్బా ఎత్తుకున్నడు.
గేటు దాక పొయ్యి, మళ్ల తిరిగొచ్చి,
రాత్రి నిద్ర పట్టిందా అని అడిగిండు.