ఏడో జత

కెండల్‌లో వాన గుమ్మం బయటే నిలబడి ఉంది,
లోపలికి రమ్మన్నా రాని చుట్టంలా.
బల్ల మీద ఏడు జతల బూట్లు.
కోర్సికా కొండల్లో పదిరోజులు నడిచి
నిన్న సాయంత్రం నా కొట్టుకొచ్చాయి.

నేనా దీవిని చూడలేదు.
అడుగులు తిరగేసి చదువుకున్నాను.
ఈ ఎర్రదుమ్ము పడమటి వాలుది.
ఈ మెరిసే పలుకు శిఖరం దగ్గరి రాయిది.
కుట్టు సందులో విరిగిన ఈ ముల్లు
మేకలు కూడా తప్పుకుపోయే పొదది.
బూటు నాలిక కింద నలిగిన ఆకు
మరువం కాదు గానీ
మరువానికి మేనత్త కూతురు.

మార్గరెట్ ఎయిరీ మడమ బయటివైపే అరుగుతుంది.
దిగేటప్పుడు భయం. ఎవరికీ చెప్పదు.
కాలిన్‌కి ఎప్పుడూ బొటనవేలి దగ్గరే చిల్లు,
అందరికన్నా ముందుండాలి ఆయనకి.

ఏడో జత తిప్పాను.
పోయిన మార్చిలో నేనతికించిన సోలు
నేనతికించినట్టే ఉంది.
గాడిలో గాడి చెదరలేదు.
ముల్లు లేదు, పలుకు లేదు.
ఎడమ బూటు మీద ఒక కాఫీ మరక,
అంచున ఎండిన అంజూరపు గింజలు,
లేసు ముడిలో పిల్లి వెంట్రుక.
చీటీ మీద డెనిస్ థ్వెయిట్ వంకర రాత:
"పూర్తిగా అరిగిపోయాయి. కొత్తవి వేయండి."

శనివారం ఏడుగురూ కలిసే వస్తారు.
ఒకరి బూట్లు ఒకరు తిరగేస్తారు,
ఎవరి కాలు ఎంత కొండ తిన్నదో
పాత సోల్స్ కూడా అడిగి మరీ చూస్తారు.

అరగని సోలు ఊడదీయడమంటే
కదలని పన్ను పీకడమే.
చెయ్యి ఒప్పుకోలేదు.
టీ తాగి వచ్చి, మళ్లీ వేడిచేసి,
పీకాను. కొత్తది అతికించాను.
పాతదాన్ని సానచక్రం మీద పెట్టాను,
మడమ దగ్గర కొంచెం, ముందువైపు ఇంకొంచెం.
ముప్ఫైమైళ్లు నాలుగు నిమిషాల్లో నడిపించాను.

కొట్టు మూసే వేళకి
రోజంతా నిలబడ్డ నా మోకాళ్లు
వాటి భాషలో ఏదో అంటున్నాయి.
ఆ ఆరుగురూ ఎక్కిన శిఖరాల పేర్లు
నాకు నోరు తిరగవు.
నాకు కనిపిస్తున్నదల్లా
ఒక సత్రం అరుగు, అంజూరపు నీడ,
ఒళ్లో ఎవరిదో పిల్లి,
పైనెక్కడో చిన్న చుక్కలై కేకలేస్తున్న స్నేహితులు,
వాళ్లకి చెయ్యి ఊపి
మళ్లీ కప్పు అందుకునే మనిషి.

బూట్లన్నీ బ్రష్ కొట్టి మైనం రాశాను.
ఆ గింజల్లో ఒకటి మాత్రం
ఉన్నచోటే ఉంచాను.