అడ్డగీత

డిసెంబరులో క్వాల్బాకి
తొమ్మిదింటికి ఇంకా తెల్లారదు.
పైన చెక్కమెట్లు కిర్రుమంటాయి.
తర్వాత రబ్బరు బూట్ల చప్పుడు,
ముందు ఎడమది, కాసేపటికి కుడిది.
తర్వాత తలుపు.
మా ఇంటావిడ రన్‌వా
నుదుటికి దీపం కట్టుకుని
గొర్రెల దడి దాటి
వానకొలత గొట్టం దగ్గరికి పోతోందన్నమాట.

నేను దుప్పట్లోంచి వింటాను.
నా గది కిటికీ నేలకి సమానం,
నాకు కనపడేది ఆమె మోకాళ్ళే.
ఒక మోకాలు తడిగడ్డిలో ఆనుతుంది.
నీటి అంచుకి కన్ను సరిగ్గా తెచ్చుకోవాలట,
పైనుంచి చూస్తే వాన ఎక్కువట,
కిందనుంచి చూస్తే తక్కువట.
ఉన్నది ఉన్నట్టు కనపడాలంటే
నడుం వంచక తప్పదు.
అంకె పెన్సిలుతోనే వేస్తుంది,
సిరా అయితే వాన తాగేస్తుంది.

ఇలా ముప్పై ఒక్క ఏళ్ళు.

ఇక నా సంగతి.
చేపల ఫ్యాక్టరీలో కాడ్ కోసీ కోసీ
నా కుడి భుజం బిగుసుకుపోయింది.
ఆస్పత్రిలో బిర్గర్ అనే కుర్రాడు
గోడ మీద వేళ్ళని సాలీడులా పైకి పాకించమన్నాడు.
రోజుకి పదిసార్లు, అంతే.
అంతే!
మొదటి రోజు నలభై సార్లు పాకించాను.
రెండో రోజు చెయ్యి అందిన చోట గీత గీసి తేదీ వేశాను.
మూడో రోజుకి మంచం కిందికి
చాప, సాగే పట్టీ, ఒక జత డంబెల్స్ వచ్చి చేరాయి.
తొమ్మిదో రోజున ఆ డంబెల్స్
ఉప్పుచేప బానమూతకి బరువయ్యాయి.
ఆరంభశూరత్వానికి పతకం ఇస్తారు సరే,
మెళ్ళో వేసుకోడానికి నా చెయ్యి పైకి లేవదే.

ఒక ఆదివారం అద్దె ఇవ్వడానికి పైకెళ్ళి అడిగాను,
ఇంత పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చింది మీకని.
"పట్టుదలా?"
పెదవి చివర రుబార్బ్ జామ్ తుడుచుకుంది.
"మా మరిది తుమ్మాస్‌కి కాలు విరిగి
పదిహేను రోజులు చూడమని అంటగట్టాడు.
చిరాకేసేది.
వాన సంగతే తలుచుకునేదాన్ని కాదు.
బూట్లు తొడుక్కోవడం వరకే నా పని అనుకునేదాన్ని.
తొడుక్కున్నాక ఊరికే నిలబడితే ఎబ్బెట్టు కదా,
కాళ్ళే పోయేవి."

పుస్తకాలు బల్ల మీదే ఉన్నాయి, గోధుమరంగు అట్టలు.
తిప్పుతుంటే ఒక మార్చి నెలలో
అంకెల వరసలో అడ్డగీతలు,
ఒకదాని కింద ఒకటి, పదకొండు.
"ఇవి సున్నాలా?"
"సున్నా అంటే వెళ్ళాను, వాన లేదు.
గీత అంటే నేను వెళ్ళలేదు."
పదకొండు రోజులు ఎందుకు వెళ్ళలేదో చెప్పలేదు,
లేచి కెటిల్ దించింది.
"పక్క ఊరి లెక్క చూసి నింపెయ్యొచ్చుగా,
ఎవరికి తెలుస్తుంది?"
తక్కెడ మీద బొటనవేలు ఆనించిన వాణ్ణి
చూసినట్టు చూసింది.
"వాన పడింది. నేను లేవలేదు.
రెండూ నిజమే."

పన్నెండో రోజు దగ్గర 0.3.
ఆ పేజీకంతటికీ అదే చిన్న అంకె.
పెన్సిలు ఎంత నొక్కిందో,
కాగితం వెనక తడిమితే
ఇప్పటికీ వేలికి తగులుతుంది.

కిందికొచ్చి
గోడ మీద నా పాత గీత వెతికాను.
సగం చెమ్మలో కలిసిపోయింది.
పదిసార్లన్న మాట తలపెట్టలేదు,
గోడని ముట్టుకోవడం వరకే నా పని అనుకున్నాను.
ముట్టుకున్నాక వేళ్ళు ఊరుకోలేదు.
ఐదోసారికి భుజం తిట్టింది.

కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను:
ఆది 4. సోమ 6. మంగళ 6.
బుధవారం నైట్ షిఫ్టు, ఒళ్ళు తెలియని నిద్ర.
అడ్డగీత.
నాలుగింటిలోకీ
అది గియ్యడానికే ఎక్కువసేపు పట్టింది.

గురువారం చీకట్లో
పైన ఎడమ బూటు చప్పుడు.
దుప్పటి తీశాను.
కుడిది పడేలోగా
గోడ దగ్గరికి
నాలుగడుగులు.