నికర బరువు

ఆగస్టు మొదటివారం. తోతాపురి కడా లోడ్లు.
గుడిపాల రోడ్డులో గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడినించి
పెట్రోలు బంకు దాకా ట్రాక్టర్లు.
నేను వేబ్రిడ్జి గదిలో, తిరగని ఫ్యాను కింద,
తూకం చీటీ వెనకపక్క
రెండు పేర్లు రాసుకోని కూచోనుండా.

మొహిందర్ ఖటానా.
ఇళవరసన్.
ఇద్దరూ ఎడమ కార్నర్లే.
ఇద్దరికీ తొమ్మిది ఆటల్లో ఇరవైయేడేసి పాయింట్లు.
నా కబడ్డీ జట్టులో ఖాళీ ఒగటే.

పందెం డబ్బుల్లేవు, ముందే చెప్తా ఉండా.
ఓడినోళ్లు సీజన్ అయినాక ఏడుమందికీ
నాటుకోడి పులుసు, రాగిసంగటి పెట్టాల.
పాయింట్ల పద్దు ల్యాబులో షకీరా చేతిలో,
గుజ్జు పులుపు రాసే పుస్తకం చివరి పేజీల్లో.
బాయిలర్ చెంగల్రాయులు పోయినేడు ఓడి
రెండు కోళ్లు కోసినాడు, అందులో ఒగటి అప్పు.
"ఎనిమిదికి విజిలు. ఆ లోపల పేరు చెప్పు"
అని ఫోను పెట్టేసింది షకీరా.

ఖటానా తొడ పడతాడు. పట్టినాడంటే
కొళాయి కట్టేసినట్టే, సద్దుండదు.
ప్రతి ఆటకూ మూడు. మూడు. మళ్లా మూడు.
జీతం మాదిరి.
ఇళవరసన్ మడమ మీదికి దూకుతాడు
కొంగ చేప మీదికి దూకినట్టు,
సగం సార్లు నోట్లో నీళ్లే.
ఒగ రాత్రి పది, ఇంకో రాత్రి సున్నా.
వాడిది వేలూరు పక్క పల్లె.
మా గేటు ముందర పోయే బస్సే వాళ్లూరికీ పోతాది.
అది లెక్కలోకి తీసుకోగూడదు.
తీసుకోగూడదని మూడుసార్లు అనుకున్యా.

దినామూ నా పని ఇదే గదా:
లోడుతో బరువు, ఖాళీ బండి బరువు,
తీసేస్తే కాయ బరువు.
పద్నాలుగేండ్లలో చీటీ మీద అబద్ధం కొట్టింది లే.
ఇద్దర్నీ మనసులోనే పలక మీద నిలబెట్టినా,
ఒగరి తర్వాత ఒగర్ని.
ఎర్రంకెలు కదల్లే.

ఏడూ నలభైకి తవణంపల్లె ట్రాక్టరు ఎక్కింది.
దామోదర నాయుడు, రెండు రాత్రులుగా వరసలో ఉండాడు.
అడుగు కాయ చెమ్మ పట్టి నల్లబడుండాది,
వాసన కిటికీ దాకా వస్తా ఉండాది.
చీటీ కోసరం చెయ్యి పెట్టి
నా పేర్లు చదివినాడు.
"ఎవురు వీళ్లు? కూలోళ్లా?"
చెప్పినా.
నవ్వల.
ధర బోర్డు చూసినట్టు చానా సేపు చూసి
"ఇద్దురూ సమం అయితే లెక్క యాడుండాది నాయనా,
ఎవుర్ని యిడిస్తే నిద్ర పట్టదో
వాణ్ణి పెట్టుకో" అన్న్యాడు.
"మీరట్టనే చేస్తారా?"
"మాకు రెండు తోటలుండె.
నిద్ర పడతాదిలే అనుకున్నేదాన్నే అమ్మినా."
చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్యాడు.
పట్టిందా అని నేను అడగల.

ఏడూ యాభైయారుకు
ఇళవరసన్ అనేసినా.

రాత్రి పదిన్నరకు షకీరా ఫోను.
ముందు నవ్వు, తర్వాత మాట.
ఖటానాకు మూడు.
ఇళవరసన్‌కు మూడు.
"దీనికా అన్నా, మధ్యాన్నం టీ కూడా తాగలా నువ్వు?"
నేనూ నవ్వినా.
అయినా చెప్పకుండా ఉండలేను,
నాకు రాని ఆ మూడు
నాకొచ్చిన మూడు కంటే రవ్వంత జాస్తిగా ఉండాది.

అప్పుడే ఇంకో బండి దిగిపోయింది.
సున్నా రావల్ల.
పది చూపిస్తా ఉండాది. సున్నా. మళ్లా పది.
టార్చి ఎత్తుకోని బయటికి పోయి చూసినా.
పలక మూల ఒగే ఒగ కాయ, ముచ్చికతో సహా.
ఎంత పెద్దదైనా
ఒగ కాయ పది కిలోలు తూగదు గదా.