నా బదులు కాసేపు కూర్చో

కాలీ నగరంలో సాయంత్రం నాలుగింటికి
కొండల మీంచి గాలి దిగుతుంది.
దాని వెంట చెరుకుతోటలు తగలబెట్టిన మసి
నల్లటి పీచులుగా వచ్చి
నేను ఆరేసిన తెల్ల దుప్పట్ల మీద వాలుతుంది.
మళ్ళీ ఉతుకుతాను.
ఈ ఇంట్లో దుప్పట్లకి మసి ఒక్కటే మరక కాదు.

ఆరు మంచాలు. పడుకున్నవాళ్ళంతా బోర్లా.
బోర్లా పడటం పసివాళ్ళకైతే పండగ.
వీళ్ళకి ఆరు వారాల శిక్ష, డబ్బు కట్టి కొనుక్కున్నది.
పొట్టలోంచి, నడుము మడతల్లోంచి
గొట్టంతో లాగిన కొవ్వు
నీళ్ళు తేర్చి, నెత్తురు వడకట్టి
తిరిగి వాళ్ళ పిరుదుల్లోకే.
పరాయిది చుక్క లేదు.
ఒక గదిలో సామాను ఇంకో గదిలోకి మార్చినట్టే, అంటాడు డాక్టరు.
సామాను మోసినవాళ్ళకి తెలుసు
ఏ మార్పులో ఎన్ని పగులుతాయో.

నా పేరు ఎదిల్మా. రాత్రి డ్యూటీ.
గొట్టాల చివర బుడ్డీల్లో చేరిన ఎర్రనీళ్ళు
కొలిచి, నోటుబుక్కులో రాసి, పారబోస్తాను.
ఒంటిని బిగించే బట్ట కొక్కేలు విప్పి, రుద్ది,
ఊపిరి బిగపట్టమని మళ్ళీ తొడుగుతాను.
నిలబడి ఉచ్చపోసుకోడానికి గరాటు పట్టుకుంటాను.
సిగ్గు మొదటి రోజే.
రెండో రోజు నుంచి నాకంటే బూతులు వాళ్ళకే ఎక్కువొచ్చు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయట.
ఇక్కడ కొండలు కరక్కూడదని
నిలబడి తింటున్నారు,
కిటికీ గట్టు మీద పులుసు గిన్నె పెట్టుకుని
గుర్రాల్లా.

నాలుగో మంచం యామిలే.
పాల్మీరా రోడ్డు టోల్‌గేటులో
పన్నెండేళ్ళుగా కూర్చోవడమే ఆమె ఉద్యోగం.
లారీలవాళ్ళకి తెలిసిందల్లా ఒక మొహం, ఒక చెయ్యి, చిల్లర.
"కొవ్వెక్కిందే నీకు" అందట అక్క, అప్పు అడిగితే.
"అవును, దాంతోనే పని" అని ఫోన్ పెట్టేసిందట.
"కిటికీకి కింద కూడా నేను ఉన్నానని ఎవరికీ తెలీదు, ఎదిల్మా."
"ఇది చేయించుకున్నా కిటికీ అక్కడే ఉంటుందిగా" అన్నాను.
చాలాసేపు దిండులో మొహం పెట్టుకుంది.
"నాకు తెలుస్తుంది" అంది.
నా నోటుబుక్కులో ఆ మాటకి గడి లేదు.

రెండో మంచం బుధవారం నుంచి ఖాళీ.
పొద్దున్నే కొత్త బూట్లేసుకుని క్లినిక్‌కి వెళ్ళింది.
ఇంటి చెప్పులు మంచం కిందే ఉన్నాయి.
సూది కాస్త లోతుకి పోతే చాలు,
కొవ్వు నెత్తుటి దారి పట్టి ఊపిరితిత్తుల దాకా నడుస్తుంది.
ఎవరూ ఏమీ అడగలేదు.
ఆ రాత్రి టీవీ శబ్దం పెంచారు, అంతే.
చెప్పులు నేనే సంచిలో పెట్టాను.
ముప్పయ్యారో నంబరు. నాదీ అదే.

అర్ధరాత్రి దాటాక యామిలే పిలిచింది.
నొప్పేమో అనుకున్నాను.
"నా బదులు కాసేపు కూర్చో.
ఎలా ఉందో చెప్పు."

ప్లాస్టిక్ కుర్చీ లాక్కున్నాను.
యాభై నాలుగేళ్ళ ఒంట్లో ఎవరూ కన్నెత్తి చూడని చోటు,
రొట్టె ఒత్తినట్టు చదును,
ఆనింది.
ముందు తుంటి ఎముకలకి కుర్చీ తగిలింది. చెప్పాను.
మోకాళ్ళు హమ్మయ్య అన్నాయి. చెప్పాను.
నడుములోంచి పొద్దుటి బకెట్లు
ఒక్కొక్కటే దిగిపోయాయి.
"ఇంకా" అంది.
ఇంకేముంది, అరవై కిలోల నన్ను
ఎవరో అడక్కుండానే ఎత్తుకున్నట్టుంది.

ఆమె కళ్ళు మూసుకుంది.
"అక్కడ ఒక్కసారీ ఇలా కూర్చోలేదు నేను" అంది.

పెట్టినదాంట్లో ఎంత నిలిచిందో, ఒళ్ళు ఎంత తాగేసిందో
ఆర్నెల్లు పోతేగాని తెలీదట.

మూడో మంచం బుడ్డీ నిండింది. లేవాలి.
తీయడం మర్చిపోయిన దుప్పట్ల మీద
బయట చీకట్లో మసి పడుతూనే ఉంటుంది.
పడనీ, ఇంకాసేపు.